సున్నా అంటే ఉత్తరం

ఓడ మనిషి: నువ్వు పంపిన పట్టిక చూశానమ్మాయ్. ప్రతి స్టేషన్ పేరు పక్కనా డిగ్రీల్లో ఒక అంకె వేశావు. భూకంపాల్ని నమోదు చేసే ఆ పెట్టెల్ని సముద్రంలోకి వదిలిన వాళ్లలో నేనొకణ్ని. ఏది ఎటు మొహం పెట్టి కూర్చుందో నాకే తెలీదు. తెల్లాపూర్‌లో పదకొండో అంతస్తులో కూర్చున్న నీకెలా తెలిసింది?

లెక్కల మనిషి: మీరు వదిలేసి వచ్చాక భూకంపాలు వచ్చాయి కదా బాబాయ్. వాటిని అడిగాను.

ఓడ మనిషి: అడిగితే చెప్పేస్తాయా! అసలక్కడ ఏం జరుగుతుందో ముందు చెప్తాను, విను. గాజు గోళాలు, బ్యాటరీలు, రికార్డరు, సెన్సరు అన్నీ ఒక చట్రంలో బిగిస్తాం. కింద లంగరు బరువు తగిలించి వదిలేస్తాం. సెకనుకి ఇంచుమించు మీటరు చొప్పున దిగుతుంది. మూడు వేల మీటర్ల లోతైతే ముప్పావు గంట పైమాటే. దారి పొడుగునా ప్రవాహం ఎలా తిప్పితే అలా తిరుగుతుంది. అడుగున బురదలో కూర్చున్నాక లోపలి మోటారు సెన్సర్‌ని మట్టం చేస్తుంది. పైన ఏదో కింద ఏదో దానికి తెలుసు, ఎందుకంటే భూమి లాగుతూ ఉంటుంది. ఉత్తరం ఎటో చెప్పే దిక్కే లేదక్కడ. ఓడ మీంచి శబ్ద సంకేతం పంపితే జవాబిస్తుంది. జవాబు ఎంత ఆలస్యంగా వచ్చిందో చూస్తే దూరం తెలుస్తుంది. ఓడని చుట్టూ తిప్పి నాలుగు చోట్ల నుంచి అడిగితే అది ఏ చోట ఉందో కూడా తేలుతుంది. ఎటు తిరిగి ఉందన్నది మాత్రం ఆ జవాబులో లేదు. ఏడాది తర్వాత లంగరు వదిలించుకుని పైకి వచ్చేసరికి ఆ భంగిమ సముద్రం అడుగునే పోయింది. పోయినదాన్ని నువ్వు లెక్కలో తెచ్చానంటున్నావు.

లెక్కల మనిషి: పోలేదు. రికార్డులోనే ఉంది. భూకంపం నుంచి అన్నిటికంటే ముందు చేరే పీ తరంగం నేలని తను వెళ్లే దారి వెంటే ముందుకీ వెనక్కీ ఊపుతుంది. సుమత్రాలో భూకంపం వచ్చిందనుకోండి. అది ఎక్కడ పుట్టిందో నేల మీది స్టేషన్లు ముందే చెప్పేశాయి. మన పెట్టె ఎక్కడుందో మీరే కొలిచి ఇచ్చారు. గ్లోబు మీద ఆ రెండు చోట్లకీ దారం బిగించి పట్టుకుంటే తరంగం ఏ దిక్కు నుంచి రావాలో తెలిసిపోతుంది. పెట్టెలో నేలకి సమాంతరంగా కొలిచే రెండు అడ్డ ఛానెళ్లలో ఊపు ఏ పాళ్లలో పడిందో చూస్తే, పెట్టె తన లెక్కలో దాన్ని ఏ దిక్కు అనుకుందో తెలుస్తుంది. రెండింటికీ ఉన్న తేడాయే పెట్టె తిరిగిన కోణం. ఊపు ఒక గీతే కాబట్టి ఎదురు దిక్కు కూడా అదే గీత మీద ఉంటుంది. ఆ తగువు నిలువు ఛానెల్ తీరుస్తుంది. కింద నుంచి వచ్చే పీ తరంగం నేలని పైకి తోసేటప్పుడే భూకంపానికి దూరంగా కూడా తోస్తుంది.

ఓడ మనిషి: ఆ నిలువు ఛానెల్ తీగలు ఎవడైనా అటుదిటు కలిపి ఉంటే?

లెక్కల మనిషి: నూట ఎనభై డిగ్రీల తప్పు.

ఓడ మనిషి: రెండు రాత్రులు నిద్ర లేక డెక్ మీద పని చేసేవాడు అలా కలపగలడు. నేను కలిపానని కాదు.

లెక్కల మనిషి: నేనూ అనలేదు. సరే, మీ దారి చెప్పండి. దిక్సూచి పెడదామంటారా?

ఓడ మనిషి: దేన్నయినా అది ఉన్నచోటే, ఉన్నప్పుడే కొలవాలంటాను. దిక్సూచితోనా, ఇంకోదానితోనా అన్నది తర్వాతి మాట.

లెక్కల మనిషి: దిక్సూచి సంగతి తెల్లాపూర్‌లో ఎవర్నడిగినా చెప్తారు. మేం ఫ్లాటు చూసినప్పుడు వాస్తు ఆయన ఫోన్‌లో దిక్సూచి తెరిచి గుమ్మం ముందు నేల మీద పెట్టాడు. తూర్పు అంది. రెండడుగులు జరిపి లిఫ్టు దగ్గర పెడితే ఆగ్నేయం అంది. శ్లాబులో ఇనుము, స్తంభంలో ఇనుము, లిఫ్టు నిండా ఇనుము. మీ పెట్టెలో మాత్రం? బ్యాటరీలు, మోటారు, లంగరు. సూది ఉత్తరాన్ని చూపుతోందో బ్యాటరీని చూపుతోందో ఎవరు చెప్పాలి?

ఓడ మనిషి: ఆ తూర్పు గుమ్మానికి అడుగుకి ఎంత ఎక్కువ కట్టారో నేను అడగన్లే. దిక్సూచికి ఆ జబ్బు ఉందని ఒప్పుకుంటాను. హబ్సిగూడలో భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐ వాళ్లకి ఆవరణలోనే అయస్కాంత పరిశీలనశాల ఉంది. ఊరి రొద పెరిగిపోయి చౌటుప్పల్‌లో ఇంకోటి కట్టుకోవాల్సి వచ్చింది. అయినా వాళ్లు కొలవడం మానేశారా? రొద లేని చోటు వెతుక్కున్నారు. ఓడలో దిక్సూచికీ ఇదే బాధ, ఓడంతా ఇనుమే కదా. అందుకని ఓడని గుండ్రంగా తిప్పి, ఏ దిక్కుకి తిరిగినప్పుడు సూది ఎన్ని డిగ్రీలు తప్పు చూపుతుందో ఒక కార్డు మీద రాసి గోడకి తగిలిస్తారు. పెట్టెకీ అలాంటి కార్డు రాయొచ్చు.

లెక్కల మనిషి: రాయొచ్చు. కానీ లంగరు ప్రతిసారీ కొత్తది. దాని అయస్కాంతం దానిది. బ్యాటరీలోంచి కరెంటు లాగినప్పుడు ఒకలా, లాగనప్పుడు ఒకలా ఉంటుంది. రేవులో రాసిన కార్డు మూడు వేల మీటర్ల కింద చెల్లుతుందా?

ఓడ మనిషి: సగం చెల్లుతుంది. పోనీ సూదే వద్దు, గైరో పెట్టు. భూమి తిరుగుడుని బట్టి అసలు ఉత్తరాన్ని పట్టుకుంటుంది, ఇనుముతో పని లేదు. దాని ధర, అది తాగే కరెంటు ఏడాది పాటు బ్యాటరీ మీద బతికే పెట్టెకి భారమే. కానీ గైరో ఏడాదంతా వెలగక్కర్లేదుగా! బురదలో కూర్చోగానే ఒక్కసారి చూసుకుని ఆరిపోతే చాలు. డబ్బులకి వెనకాడి దీన్ని ఎవరూ గట్టిగా అడగలేదని నా బాధ. సరే, గైరో కూడా లేదనుకో. ఎయిర్ గన్ ఉంది. ఓడ పెట్టె చుట్టూ వలయంలా తిరుగుతూ గాలి గుళ్లు పేలుస్తుంది. ఏ క్షణాన ఎక్కడ పేలిందో జీపీఎస్ చెబుతుంది. నీళ్లలోంచి సూటిగా వచ్చిన దెబ్బ పెట్టెని ఏ దిక్కుకి తోసిందో రికార్డులో ఉంటుంది. కొట్టిన చేయి నాది, కొట్టిన చోటు నాకు తెలుసు. నీ భూకంపం ఆరేడు వందల మైళ్ల అవతల పుట్టి, మధ్యలో ఎన్ని వంకర్లు పోయి వచ్చిందో నీకు తెలుసా?

లెక్కల మనిషి: ఎయిర్ గన్‌కి సాటి లేదు, అందులో వాదం లేదు. కానీ భూకంపాల కోసమే పెట్టెలు దింపే యాత్రల్లో చాలాసార్లు ఎయిర్ గన్ ఓడలో ఉండదు. ఉన్నా తిమింగలాల గొడవ, అనుమతుల గొడవ. ఒక్కో పెట్టె చుట్టూ తిరగడానికి ఓడకి పట్టే గంటలు కూడితే ఇంకో నాలుగు చోట్ల పెట్టెలు దింపి రావచ్చు. మన హిందూ మహాసముద్రంలోనే రియూనియన్ దీవి చుట్టూ ఫ్రాన్సు, జర్మనీ వాళ్లు 2012–13లో చేసిన రుమ్-రమ్ యాత్ర చూడండి. 57 పెట్టెలు దింపారు. దిక్కులన్నీ భూకంపాల నుంచే లాగారు. పీ తరంగాలతో 31 పెట్టెలకి, నేల ఉపరితలం వెంట పోయే రేలీ తరంగాలతో 40 పెట్టెలకి దిక్కు దొరికింది. రెండు పద్ధతులకీ ఒకదానితో ఒకదానికి చుట్టరికం లేదు. అయినా రెండూ ఇచ్చిన జవాబుల మధ్య తేడా సగటున మూడు డిగ్రీల చిల్లర. ఒకరికొకరు తెలియని ఇద్దరు సాక్షులు ఒకే మాట చెప్తే మీరు నమ్మరా?

ఓడ మనిషి: సాక్షులు ఎంత గట్టిగా చెప్పారో కూడా చెప్పు.

లెక్కల మనిషి: పీ తరంగాలకి అటూ ఇటూ 11 డిగ్రీలు. రేలీకి 16.

ఓడ మనిషి: ఇప్పుడు నా లెక్క విను, నాకూ కొంచెం లెక్కలు వచ్చు. పెట్టె పది డిగ్రీలు పక్కకి తిరిగి ఉంటే, తరంగం దారి వెంట ఉండాల్సిన ఊపులో తగ్గేది నూటికి ఒకటిన్నర పాలు. అది ఎవడికీ పట్టదు. కానీ ఆ దారికి అడ్డంగా ఉన్న ఛానెల్‌లోకి కారేది నూటికి 17 పాళ్లు! రూపాయిలో పదిహేడు పైసలు చిల్లు జేబులోంచి పోవడం లాంటిది. పదహారు డిగ్రీలైతే ఇరవై ఏడు పైసలు దాటుతుంది. మరి ఆ అడ్డ ఛానెల్‌లోనే కదా మీరు వెతికే చిన్న చిన్న సంగతులన్నీ ఉండేవి? భూమి పొర ఒక దిక్కున తరంగాన్ని వేగంగా, ఇంకో దిక్కున మెల్లగా నడిపిస్తుందని చెప్పే ఆధారం అక్కడ రూపాయికి అయిదు పైసలో పది పైసలో ఉంటుంది. అది భూమి చెప్పిందా, నీ కోణంలో తప్పు చెప్పిందా?

లెక్కల మనిషి: ఈ దెబ్బ తగిలింది. కాదనను.

ఓడ మనిషి: అసలు దెబ్బ ఇంకా ఉంది. తరంగం గ్లోబు మీద దారంలా సూటిగా వచ్చిందని ముందు నమ్ముతావు. ఆ నమ్మకంతో పెట్టె దిక్కు కడతావు. తర్వాత ఆ దిక్కు పెట్టుకుని, తరంగం సూటిగా రాలేదు, కింద ఉన్న రాయి దాన్ని వంచింది అని పేపరు రాస్తావు. ఏ కొమ్మ మీద కూర్చున్నావో ఆ కొమ్మే నరుకుతున్నావు కదమ్మా!

లెక్కల మనిషి: ఒక్క భూకంపంతో కడితే మీరన్నది నిజం. వందతో కడితే కాదు. పెట్టె తిరిగిన కోణం ఎప్పుడూ ఒకటే. తూర్పు నుంచి తరంగం వచ్చినా పడమర నుంచి వచ్చినా మారదు, బురదలో కూర్చున్నది కూర్చున్నట్టే ఉంది. రాయి వంచే వంపు మాత్రం వచ్చే దిక్కుని బట్టి మారుతుంది. వాలిన పొర ఉంటే దిక్కు ఒక చుట్టు తిరిగేసరికి ఆ వంపు ఒకసారి పెరిగి తగ్గుతుంది. దిక్కుకో వేగం ఉన్న పొరైతే రెండుసార్లు పెరిగి తగ్గుతుంది. కొలతలన్నీ దిక్కుల వారీగా గీస్తే ఒక అల కనిపిస్తుంది. ఆ అల నడుమ ఉండే మట్టం పెట్టెది, అల భూమిది. రుమ్-రమ్‌లో ఏడు పెట్టెలకి ఇలా విడదీస్తే 11 డిగ్రీల అనుమానం 6కి దిగింది.

ఓడ మనిషి: ముప్పై ఒకటిలో ఏడింటికే. మిగతావాటికి ఎందుకు కుదరలేదు?

లెక్కల మనిషి: అన్ని దిక్కుల నుంచీ చాలినన్ని భూకంపాలు రాలేదు.

ఓడ మనిషి: ఇప్పుడు మన బంగాళాఖాతానికి రా. భూకంపాలు ఎటు నుంచి వస్తాయి? అండమాన్, సుమత్రా, జావా, ఫిలిప్పీన్స్, జపాన్, ఫిజీ. అన్నీ తూర్పే! పడమటి నుంచి నీకు వినపడేవి ఎన్ని? పడమటి సగం ఖాళీగా ఉంటే నీ అల సగమే కనిపిస్తుంది. సగం అలకి నడుమ మట్టం ఎక్కడ గీస్తావు?

లెక్కల మనిషి: అక్కడే నేనూ తడబడుతున్నాను. ఇంకో ఇబ్బంది మీరు చెప్పక ముందే నేను చెప్తాను. గంగా బ్రహ్మపుత్రలు తెచ్చి పోసిన ఒండ్రు బంగాళాఖాతం ఉత్తరాన పదిహేను కిలోమీటర్లు దాటిన మందంలో ఉంది. అంత మెత్తటి పొరల్లోకి వచ్చేసరికి పీ తరంగం నిటారుగా లేచిపోతుంది. దాదాపు నిలువునా వచ్చే తరంగం అడ్డ ఛానెళ్లలో ఏం ఊపుతుంది? గోరంత. పైగా అడుగు ప్రవాహం పెట్టెని వాల్చి వాల్చి ఆ ఛానెళ్లలో రొద పెడుతూ ఉంటుంది. అందుకే మన దగ్గర రేలీ తరంగాల మీద ఎక్కువ ఆధారపడ్డాను. అది నేలని వెనక్కి దొర్లే చక్రంలా తిప్పుతుంది. నిలువు ఊపుకీ, దారి వెంట ఊపుకీ పావు చుట్టు తేడా. అడ్డ ఛానెళ్లని ఒక్కో డిగ్రీ తిప్పుకుంటూ పోతే ఆ పావు చుట్టు ఎక్కడ చక్కగా కుదురుతుందో అదే దిక్కు.

ఓడ మనిషి: రేలీ తరంగం ఖండం అంచు దాటేటప్పుడు వంగదా? నీళ్లలో పెట్టిన కర్ర వంగినట్టు కనిపిస్తుందే, అలాగ.

లెక్కల మనిషి: వంగుతుంది. పొడవాటి తరంగాలు తీసుకుంటే తక్కువ వంగుతుంది. ఎంత వంగుతుందో ఇప్పుడున్న పటాలతో అంచనా కట్టి తీసేయొచ్చు.

ఓడ మనిషి: అంచనా మీద అంచనా.

లెక్కల మనిషి: బాబాయ్, మీరు గడియారం సంగతి ఏం చేస్తారు? అడుగున జీపీఎస్ అందదు. ఏడాదిలో గడియారం కొంత ముందుకో వెనక్కో పోతుంది. దింపే ముందు ఒకసారి, తీశాక ఒకసారి జీపీఎస్‌తో సరిచూసి, మధ్యలో తప్పు సమానంగా పెరిగిందని ఒక గీత గీసేస్తారు. మధ్య మూడొందల రోజులూ మీరు చూశారా? అది అంచనా కాదా?

ఓడ మనిషి: అంచనాయే. కానీ రెండు కొసలూ చేత్తో పట్టుకున్నాకే గీత గీశాను. నీ చేతిలో ఒక్క కొసా లేదు.

లెక్కల మనిషి: ...సరే, ఇది మీకే.

ఓడ మనిషి: నేనూ ఒకటి ఒప్పుకుంటాను. భూకంపం ఎక్కడ వచ్చిందో చెప్పడానికి దిక్కుతో పెద్దగా పని లేదు. పీ ఎప్పుడు వచ్చింది, దాని వెనక వచ్చే ఎస్ తరంగం ఎప్పుడు వచ్చింది, అంతే. ప్రగతి నగర్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్‌లో 2007 నుంచి సునామీ కేంద్రం నడుస్తోంది. అక్కడివాళ్లు నీ పట్టిక కోసం నిద్ర మానుకోరు. వాళ్లకి నేల మీది స్టేషన్లు, సముద్రం అడుగున నీటి బరువు కొలిచే సాధనాలు ముఖ్యం. కానీ నేల పైకి లేచిందా, పక్కకి జరిగిందా అన్న ప్రశ్న ఉందే, దానికి ఊపు దిక్కు కావాలి. 2012 ఏప్రిల్ 11న సుమత్రా దగ్గర 8.6 వచ్చింది. 2004 నాటి 9.1 కళ్ల ముందు మెదిలి మన తీరమంతా గుండె చేత్తో పట్టుకుంది. చివరికి చిన్న సునామీతో పోయింది, ఎందుకంటే నేల పక్కకి జరిగింది.

లెక్కల మనిషి: ఆ జవాబు ప్రపంచమంతా ఉన్న నేల మీది స్టేషన్ల నుంచి వచ్చింది. అన్ని వందల మధ్య ఒక్క పెట్టె ముప్పై డిగ్రీలు తప్పినా అది ఇట్టే బయటపడుతుంది, మిగతావాళ్ల మాటతో కలవదు.

ఓడ మనిషి: చుట్టూ వందలున్నప్పుడు. 2014 మే 21న బంగాళాఖాతం నడుమనే 6.0 వచ్చింది. విశాఖలో మంచాలు కదిలాయి. అలాంటిది సరిగ్గా నా పెట్టెల మధ్య వస్తే, దగ్గర నుంచి చూసిన సాక్షులు అవే. ఆ సాక్షికి తన కుడి ఎడమలు తెలియవంటే ఎలా? కృష్ణా–గోదావరి బేసిన్ సంగతి చూడు. 2006లో జోయిడెస్ రిజల్యూషన్ ఓడ తవ్వినప్పుడు ఒకచోట 128 మీటర్ల దాకా మందంలో, మంచులా గడ్డకట్టిన గ్యాస్ హైడ్రేట్ తగిలింది. అది ఇసుక సందుల్లో కాదు, బంకమట్టి పగుళ్లలో. పగుళ్లంటే వాటికో దిక్కు ఉంటుంది. తర్వాత ఎన్‌జీఆర్‌ఐ వాళ్లు పెట్టెలు దింపి ఎంత హైడ్రేట్ ఉందో లెక్క కట్టారు. ఎస్ తరంగం నీళ్లలో నడవదు కాబట్టి ఓడ వెనక లాక్కెళ్లే కేబుల్‌కి అది అందదు, అడుగున కూర్చున్న పెట్టెకే అందుతుంది. అదీ అడ్డ ఛానెళ్లలో. అక్కడ ఎయిర్ గన్ ఎలాగూ పేలుస్తారు కాబట్టి దిక్కు దానంతటదే దొరుకుతుంది. ఇంకో రెండు గంటలు ఓడని వలయం తిప్పితే నిక్కచ్చిగా దొరుకుతుంది.

లెక్కల మనిషి: ఎయిర్ గన్ ఉన్నచోట మీ మాటే నా మాట. లేనిచోట చేతులు ముడుచుకు కూర్చోమంటేనే నేను ఒప్పుకోను. ఇంకో దారి ఉంది, అది మీకు నచ్చుతుంది కూడా. ఓడల చప్పుడు!

ఓడ మనిషి: ఏ ఓడలు?

లెక్కల మనిషి: దారిన పోయే ఓడలు. శ్రీలంక దక్షిణం నుంచి మలక్కా జలసంధికి పగలూ రాత్రీ సరుకు ఓడలు పోతూనే ఉంటాయి. ప్రతి పెద్ద ఓడా తను ఎక్కడుందో రేడియోలో చెబుతూ పోతుంది, ఆ రికార్డులు దొరుకుతాయి. ఇంజను, పంకా చేసే రొదని పెట్టె వింటుంది. ఓడ దగ్గరికి వచ్చి దాటిపోయేసరికి దిక్కు ఒకవైపు నుంచి ఇంకోవైపుకి తిరుగుతుంది. అటు ఒకటి, ఇటు ఒకటి పోతే మీరన్న పడమటి సగం కూడా నిండిపోతుంది. ఈ పద్ధతి 2020లో అచ్చయింది. భూకంపమే అక్కర్లేని ఇంకోటి అంతకు ముందే వచ్చింది. 2013లో ఫిజీ దగ్గర లావ్ బేసిన్ పెట్టెల మీద చేశారు, సముద్రం తనంత తాను చేసే రొదని రెండు పెట్టెల మధ్య పోల్చి దిక్కు లాగారు.

ఓడ మనిషి: ఓడల చప్పుడు బాగుందమ్మాయ్. నీ భూకంపం కంటే అది నా ఎయిర్ గన్‌కే దగ్గర చుట్టం, కొట్టిన చోటు తెలుసు కాబట్టి. కానీ ఓడ దారికి దూరంగా, నడి సముద్రంలో దింపిన పెట్టెలున్నాయే... శ్రీలంక దక్షిణాన సముద్ర మట్టమే నూరు మీటర్ల పైన కుంగి ఉన్నట్టుండే చోట ఎందుకు అలా ఉందో వినడానికి గోవాలోని ధ్రువ, సముద్ర పరిశోధన కేంద్రం ఎన్‌సీపీఓఆర్ వాళ్లు 2018లో పెట్టెలు దింపారు. అంత దక్షిణాన ఎన్ని ఓడలు నీ పెట్టెల నెత్తి మీద నుంచి పోతాయి?

లెక్కల మనిషి: తక్కువే. అక్కడ మళ్లీ భూకంపాలే గతి. అందుకే నా పట్టికలో ప్రతి అంకె పక్కనా దాని అనుమానం ఎంతో వేశాను. ఛానెళ్లని తిప్పి ఉత్తరం, తూర్పు అని పేర్లు పెట్టి ఇవ్వలేదు. అసలు రికార్డు ఒకటి, రెండు అనే పేర్లతో ఎలా వచ్చిందో అలాగే ఉంది. నిజం ఉత్తరానికి ఐదు డిగ్రీల లోపు ఉంటేనే దాన్ని ఉత్తరం అని పిలవాలన్నది మా దగ్గర పాత నియమం.

ఓడ మనిషి: అంటే నీ 11 డిగ్రీలు ఆ పరీక్ష పాసవ్వవు.

లెక్కల మనిషి: అవ్వవు. అందుకే పేరు మార్చలేదు.

ఓడ మనిషి: ఇది మాత్రం పద్ధతిగా ఉంది. మరి చివర ఆ మూడు స్టేషన్లేమిటి? వాటికి నాలుగేసి భూకంపాలే దొరికాయని నువ్వే రాశావు. అటూ ఇటూ నలభై డిగ్రీలట! అలాంటిచోట అంకె ఎందుకు వేశావు? గడి ఖాళీగా వదిలెయ్.

లెక్కల మనిషి: వదిలితే చదివే ప్రోగ్రాం ఖాళీని సున్నా అనుకుంటుంది బాబాయ్. సున్నా అంటే ఉత్తరం.

ఓడ మనిషి: తెలీదు అని రాస్తే ఉత్తరం అని చదువుకుంటారా?

లెక్కల మనిషి: చాలామంది ప్రోగ్రాములు అలాగే రాశారు. తెలియని పెట్టెలకి సున్నా, తొంభై అని వేసి, కింద ఎక్కడో సన్నటి అక్షరాల్లో అసలు దిక్కు తెలీదని రాసిన పట్టికలు నేను బోలెడు చూశాను. ఆ సన్నటి అక్షరాలు ఎవరూ చదవరు. నలభై డిగ్రీల అనుమానం ఉన్న అంకె అయినా ఆ సున్నా కంటే నయం కాదా?

ఓడ మనిషి: కాదు. అంకె కనపడితే మనిషికి ధైర్యం వస్తుంది. నేనైతే 999 వేస్తాను. ఏ దిక్సూచిలోనూ లేని అంకె. చూసినవాడు ఉలిక్కిపడి ఆగుతాడు, ఇదేమిటని ఫోన్ చేస్తాడు.

లెక్కల మనిషి: మనిషైతే ఆగుతాడు. ప్రోగ్రాం ఆగదు. 999లోంచి 360 రెండుసార్లు తీసేసి, 279 అని వేసుకుని ముందుకెళ్లిపోతుంది.

ఓడ మనిషి: 279 అంటే?

లెక్కల మనిషి: దాదాపు పడమర.